పోతపాలకు తల్లులే కారకులా?

ఏటేట ఆగష్టు మొదటి వారమున తల్లిపాల వారోత్సవములు జరుగుచున్నవి. ఆసుపత్రుల గోడలపై చిత్రపటములు వెలయును. తల్లిపాలు అమృతతుల్యములని వక్తలు సభలయందు వక్కాణింతురు. బిడ్డల నెత్తుకొని ముందువరుసలో కూర్చున్న తల్లులు తలయూపుదురు. వారము గడచిన పిమ్మట అందరును ఎవరి యిండ్లకు వారు పోవుదురు; వీధి చివర మందుల దుకాణమున పాలపొడి డబ్బాలు ఎప్పటివలెనే అమ్ముడుపోవుచుండును. ఇందు లోపమెక్కడ నున్నది? ఉపన్యాసము వినవలసినవారు ఆ సభకు రాకపోవుటయే లోపమని మా యభిప్రాయము. తల్లులకు చెప్పినది చాలును. తల్లుల చుట్టునున్నవారికి చెప్పవలసినది చాల మిగిలియున్నది.

రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలములోని కొండకల్ గ్రామమును తీసికొందము. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములవలెనే ఇదియు హైదరాబాదు నగరమునకు పడమటనున్న సీమలోనిది. కూరగాయలు, పూలు పండించి నగరపు అంగళ్లకు పంపు రైతులు ఈ సీమలో నేటికిని కలరు. మరియొక ప్రక్క పొలములు ఇండ్లస్థలములగుచున్నవి. కొండకల్‌లోనే రైలుపెట్టెల కర్మాగారమునకు 2023లో ప్రారంభోత్సవము జరిగినది. ఇట్టి గ్రామమున మూడు తెగల తల్లులుందురు. కలుపుతీతకును, కూరగాయల కోతకును కూలికి పోవు తల్లి యొకతె. నగరమున జీతమునకు పనిచేయు తల్లి యొకతె. భూమిగల యింటి కోడలై గడప దాటని తల్లి యొకతె. ఈ మువ్వుర స్థితిగతులు వేరు. అయినను బిడ్డకు మూడు నెలలు నిండకమునుపే మువ్వుర యిండ్లకును డబ్బాపాలు చేరుటకు దారులు కలవు. ఆ దారులెట్టివో విచారించుటయే ప్రకృతము మా యుద్దేశము.

మొదట ఒక యపోహను తొలగింపవలెను. సోమరితనము చేతనో, సొగసు చెడునను భయము చేతనో తల్లులు బిడ్డలకు పాలు మాన్పించుచున్నారని అరుగులపై కూర్చున్న పెద్దమనుష్యులు తేలికగా ననుచుందురు. మేమీ మాటను అంగీకరింపజాలము. 2019–21లో జరిగిన 5వ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున ఆరు నెలలలోపు బిడ్డలలో నూటికి సుమారు 68 మంది తల్లిపాలు మాత్రమే త్రాగుచున్నారు. పొలమునకు పోవుచు, వంట చేయుచు, రాత్రులు మేలుకొనుచు మూడింట రెండు వంతుల మంది తల్లులు ఈ వ్రతమును సాగించుచుండగా వారి జాతిని సోమరులనుట న్యాయము కాదు. మిగిలిన వంతు తల్లులును తల్లిపాల మహిమ తెలియనివారు కారు. తెలిసియు పోతపాలు పట్టిరన్న, వారిని అందులకు పురికొల్పినదేమో కనుగొనవలెను.

మొదటి కారణము భయము. "నాకు పాలు చాలుటలేదు" అను మాట తల్లుల నోట మాటిమాటికి వినబడును. ఈ భయము చాలవరకు తల్లికి సహజముగా పుట్టినది కాదు, ఇతరులు పుట్టించినది. బిడ్డ ఏడ్చినంతనే అత్తగారు "కడుపు నిండలే"దనును; పరామర్శకు వచ్చిన పొరుగామె "బిడ్డ చిక్కినా"డనును; భర్త గాభరాపడి దుకాణమునకు పరుగెత్తును. బిడ్డ ఏడ్చుటకు ఆకలి యొకటియే కారణమా? తడిసిన గుడ్డ, ఉక్క, కడుపులో వాయువు, తల్లి యొడి వదలలేని మనస్సు, ఇవన్నియు బిడ్డను ఏడిపించును. మూడవ వారమునను, ఆరవ వారమునను బిడ్డ పెరుగుదల హెచ్చి మాటిమాటికి రొమ్ము కోరుట సహజము. దానిని కొరత యని భ్రమించి సీసా నోట పెట్టుటతో అసలు కొరత ఆరంభమగును.

ఏలయన, చనుబాలు కుండలో నిలువయుంచిన నీరు వంటివి కావు. ఊటబావి నీరు వంటివి. తోడిన కొలది ఊరును. బిడ్డ చప్పరించిన కొలది తల్లి దేహమునకు పాలు కావలెనన్న కబురు చేరును. రాత్రివేళ చప్పరించుటచే ఈ యూట మరింత బలపడును. ఒక్క పూట డబ్బాపాలు పట్టినచో ఆ పూట తోడకము తప్పును. రెండవ పూటకు ఊట కొంత తగ్గును. తగ్గినదని మరియొక సీసా కలుపుదురు. ఇట్లు పది పదునైదు దినములలో, లేని కొరత ఉన్న కొరతయగును. అప్పుడు "మేము మొదటనే చెప్పలేదా?" యని పెద్దలు తృప్తిపడుదురు. పాలు చాలినవా లేదా యని తెలిసికొనుటకు సులభమైన గురుతులు కలవు: తొలివారము దాటిన పిమ్మట బిడ్డ దినమునకు ఆరు సారులైనను మూత్రము విడుచుచున్నదా? పుట్టిన బరువును రెండు వారములలో తిరిగి పొందినదా? అటుపై నెలనెలకు తూకము పెరుగుచున్నదా? ఈ తూకమునకు అంగన్వాడీ కేంద్రము చాలును. కంటిచూపుతో తీర్పు చెప్పు పొరుగామెకంటె త్రాసు నమ్మదగినది.

ఈ సందర్భమున మన పూర్వాచారములన్నియు మేలైనవని చెప్ప వలనుపడదు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసి, రెండు మూడు దినములు తేనెయు, చక్కెర నీళ్లును నాకించు నలవాటు మనలో నుండెడిది. కొన్ని యిండ్ల నిప్పటికిని పోలేదు. పసుపు వన్నెగల ఆ చిక్కని తొలిపాలలోనే బిడ్డకు రోగములనుండి రక్షణనిచ్చు పదార్థములు అధికముగా నున్నవి. తొలి దినమున బిడ్డ కడుపు ఒక్కొక్క సారికి ఒక చిన్న చెంచాడు మాత్రమే పట్టును. ముర్రుపాలు కొలదిగా నుండుట ప్రకృతి చేసిన యేర్పాటే గాని లోభము కాదు. అయితే బాలింతను పనికి దూరముగా నుంచి, వేళకు వేడి యన్నము పెట్టి, బిడ్డను ప్రక్కనే పరుండబెట్టు పుట్టింటి పురుడు మాత్రము గొప్ప యాచారము. బాలింతకు తెలగపిండియు, వెల్లుల్లియు, మునగాకును పెట్టిన అవ్వలు ఆహారముకంటె విలువైనది మరియొకటి పెట్టిరి. అది ధైర్యము.

రెండవ కారణము ఆసుపత్రి. ఈ మాట పలువురకు కటువుగా తోచవచ్చును. మేము ఆసుపత్రి కాన్పులకు విరోధులము కాము. వానివలన తల్లుల ప్రాణములు నిలిచినవి. కాని ఈ లెక్కలను చిత్తగింపుడు. పైన చెప్పిన సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. అట్లయ్యు పుట్టిన గంటలోపల రొమ్ము చేరిన బిడ్డలు నూటికి సుమారు 37 మంది మాత్రమే. వైద్యుడు, దాది, మంచము, మందు అన్నియు నున్నచోటనే మూడింట రెండు వంతుల బిడ్డలకు తొలిగంట దక్కకపోవుట ఎంత విపరీతము! ఇందుకొక హేతువు స్పష్టము. మన రాష్ట్రమున నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్ కోతతో జరుగుచున్నవి. దేశము మొత్తముమీద ఇది నూటికి 21 లేక 22 మాత్రమే. మన ప్రైవేటు ఆసుపత్రులలోనైతే నూటికి 81 దాటినది. కోతపడిన తల్లి ఒక గదిలోను, బిడ్డ వేరొక గదిలోను ఉందురు. తల్లికి నొప్పి, ఒత్తిగిలుట కష్టము, పాలు పడుట కొంత ఆలస్యము. బిడ్డ ఏడ్చును. చేతికి సిద్ధముగా నున్నది పాలపొడి. తొలి సీసాను ఇంటివారు గాక ఆసుపత్రియే పట్టును. ఇంటికి పోవునప్పుడు మందుల చీటిలో ఆ డబ్బా పేరు కూడ నుండినచో, అది వైద్యుని యాజ్ఞయని ఇంటివారు శిరసావహింతురు.

కోత కాన్పైనను తల్లి స్పృహలో నున్నప్పుడు సాయము చేయువారున్నచో తొలిగంటలోనే బిడ్డను రొమ్మునకు చేర్చవచ్చును. కావలసినది యంత్రము కాదు. ప్రక్కన కూర్చుండి, దిండు సరిచేసి, బిడ్డ నోరు అందించి, "భయములేదమ్మా" యని చెప్పు ఒక మనిషి. ఇంత ఖర్చుపెట్టి కట్టిన ఆసుపత్రులలో ఆ ఒక్క మనిషికి జీతము లేకపోవుట శోచనీయము.

మూడవ కారణము పని. కొండకల్ వంటి గ్రామమున కూలికి పోవు తల్లిని తలచుకొనుడు. నెలలు నిండువరకు పని చేసినది. కాన్పైన రెండు మూడు నెలలకు మరల చేనికి పోకున్న పూట గడవదు. బిడ్డను వెంట తీసికొనిపోదమన్న, ఎండ, మందు చల్లిన చేను, పాము పుట్ర. ఇంట ముసలమ్మకు అప్పగించినచో ముసలమ్మ యేమి పట్టును? మన శాసనములు ఈ తల్లిని పూర్తిగా మరచినవి కావు, కాని చేరలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి జీతముతో కూడిన సెలవును 26 వారములు చేసిరి. 50 మందికి పైబడి పనిచేయు సంస్థలలో శిశుగృహముండవలెననిరి. బిడ్డకు 15 నెలలు నిండువరకు పనివేళలో రెండు సారులు పాలిచ్చుటకు విరామము కలదు. తరువాతి సామాజిక భద్రతా స్మృతిలోనికి ఈ నియమములే వచ్చినవి. ఇవి కర్మాగారమునకును, కార్యాలయమునకును వర్తించును. మిరపచేనిలో దినకూలికి వంగిన తల్లికి ఏ యజమాని 26 వారముల సెలవిచ్చును? తెలంగాణమున 2017లో ఆరంభించిన పథకమున, ప్రభుత్వాసుపత్రిలో కాన్పైన తల్లికి మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చు నేర్పాటు జరిగినది. మంచి పనియే. కాని 12,000 రూపాయలను ఆరు నెలల దినములకు పంచినచో రోజునకు 67 రూపాయలు. కూలిని విడిచి యింట కూర్చుండుటకు ఈ మొత్తము చాలునా యని పాఠకులే నిర్ణయింతురు గాక.

నగరమున జీతమునకు పోవు తల్లి స్థితియు అంతంత మాత్రమే. సెలవు కాగితముపై నున్నను అడిగిన ఉద్యోగము పోవునను భయము. పోవుటకొక గంట, వచ్చుటకొక గంట. పనిచోట తలుపు వేసికొని పాలు పిండుకొనుటకు గది లేదు. పాలు పిండి శుభ్రమైన మూతగల గిన్నెలో నుంచి, ఫ్రిజ్జులో నిలువచేసి, ఇంటివారిచేత చెంచాతో పట్టించు మార్గము కలదు. ఆ మార్గమును ఆమెకు చెప్పినవారెవరు?

నాలుగవ కారణము వ్యాపారము. ఇది పాత కథ. 20వ శతాబ్ది తొలినాళ్లలోనే గ్లాక్సో కంపెనీ బొద్దుబిడ్డల బొమ్మలతో ప్రకటనలు చేసెను. 1939లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు సింగపూరున ప్రసంగించుచు, పసిబిడ్డలకు తగని పాలను అంటగట్టు ప్రచారమును హత్యగా నెంచవలెనని నిర్భయముగా పలికెను. 1981లో ప్రపంచారోగ్యసభ పాలపొడి విక్రయమునకు నియమావళిని ఆమోదించినప్పుడు అనుకూలముగా 118 దేశములు నిలువగా, వ్యతిరేకముగా ఓటిచ్చినది అమెరికా యొక్కటియే. మన పార్లమెంటు 1992లో శాసనము చేసి, 2003లో దానిని మరింత బిగించెను. దాని ప్రకారము రెండేండ్లలోపు బిడ్డల పాలపొడికిని, ఆహారమునకును, పాలసీసాలకును ప్రకటనలు నిషిద్ధములు; ఉచితపు మచ్చులు పంచరాదు; డబ్బాపై బిడ్డ బొమ్మగాని తల్లి బొమ్మగాని ఉండరాదు; వైద్యులకు కానుకలిచ్చుట, వారి సభలకు ఖర్చుభరించుట నేరము. ఇంత కఠినమైన శాసనము అన్ని దేశములలో లేదు. అయినను అతిక్రమించినవారికి విధింపదగిన జుల్మానా 5,000 రూపాయల వరకే. మూడేండ్ల వరకు ఖైదు కూడ కలదు గాని శిక్ష యనుభవించినవారి పేరు సామాన్యులు విన్నది అరుదు. కోట్లు గడించు వర్తకునకు ఐదువేలు ఒక లెక్కయా?

ఇక పోతపాల లెక్కను గృహస్థులు స్వయముగా వేసికొందురు గాక. రెండు మూడు నెలల బిడ్డ దినమునకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు త్రాగును. దానికి దాదాపు 100 గ్రాముల పొడి కావలెను. అనగా 400 గ్రాముల డబ్బా నాలుగు దినములకు సరి. నెలకు ఏడెనిమిది డబ్బాలు. కలిగినవారు భరింతురు. లేనివారేమి చేయుదురు? నాలుగు దినముల డబ్బాను ఎనిమిది దినములు లాగుదురు. సీసా తెల్లగానే యుండును. అందలి బలము సగమే. దానికి తోడు కాగని నీరు, సరిగా కడుగని పీక. పొడి సూక్ష్మజీవులు లేనిది కాదనియు, కాచి 70 డిగ్రీలకు తగ్గకమునుపే నీటిలో కలుపవలెననియు ప్రపంచారోగ్యసంస్థ చెప్పినది. కూలియింట ప్రతి మూడు గంటలకు ఇది సాగునా? తల్లిపాలు సర్వత్ర అందినచో ప్రపంచమున ఏటికి 8,23,000 మంది పిల్లల మరణములు తప్పునని 2016లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రకటించిన యంచనా ఈ సీసాలనుండియే పుట్టినది.

"తల్లి దేహము తల్లిది, పాలిచ్చుటయు మానుటయు ఆమె యిష్టము గదా" యని కొందరు విద్యావంతు లనవచ్చును. మేమును అదియే యనుచున్నాము. ఇష్టమనగా రెండు దారులును తెరచియుండి, ఒక దానిని కోరుకొనుట. ఒక దారికి అడ్డముగా ఆసుపత్రి గోడయు, కూలిపనియు, అత్తగారి యనుమానమును నిలిపి, రెండవ దారిలో మాత్రము మందుల దుకాణమును తెరచియుంచి, తరువాత "ఆమె యిష్టపడి పోయిన"దనుట వంచన. తల్లి చనిపోయిన బిడ్డకు, కొన్ని పుట్టువ్యాధులు గల బిడ్డకు, కాన్సరు మందులు వాడు తల్లి బిడ్డకు పాలపొడి ప్రాణదాత. అన్ని యత్నములు చేసియు నిజముగా పాలు పడని తల్లులును కొందరుందురు. అట్టివారిని చిన్నబుచ్చువారు పాపము మూటగట్టుకొందురు. వారికి కావలసినది నింద కాదు. కొలత తప్పక కలుపు నేర్పును, పీకకు మారుగా ఉగ్గుగిన్నెయు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకొరకు హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పాలనిధి పనిచేయుచున్నది. ముంబయి సయాన్ ఆసుపత్రిలో 1989లో ఆరంభమైన ఈ మార్గము, మన పూర్వుల దాది పద్ధతికి శాస్త్రీయమైన రూపము.

అయితే చేయవలసినదేమి? ఈ పత్రికను చదువు భూస్వాములకు మా మొదటి విన్నపము. తమ చేనికి వచ్చు కూలివారిలో చంటిబిడ్డ తల్లి యున్నచో, గట్టుమీది చెట్టునీడన ఒక యుయ్యెలకు తావు చేయుడు. బిడ్డను చూచుటకు వృద్ధురా లొకతెకు అరకూలి యిండు. దినమునకు రెండు మూడు మారులు పాలిచ్చుటకు పోయినందుకు కూలి కోయకుడు. మందు చల్లిన దినమున ఆ తల్లిని వేరు పనికి పంపుడు. ఇందులకు శాసనము రానక్కరలేదు. ఈనిన ఆవును నాగలికి దగ్గరగా కూడ పోనీయని రైతు, బాలింత విషయమున అంతకంటె తక్కువ దయ చూపునా?

పట్టణవాసులకు రెండవ విన్నపము. కాన్పుకు ఆసుపత్రిని కుదుర్చుకొనునప్పుడు గదికి అద్దె యెంతయని అడుగుచున్నారు. దానితోపాటు మూడు ప్రశ్న లడుగుడు: బిడ్డను తొలిగంటలో తల్లికి చేర్తురా? ఇద్దరిని ఒకే గదిలో నుంతురా? మాకు చెప్పక పాలపొడి పట్టుదురా? పదిమంది యడిగిన ప్రశ్నకు పదునొకండవవానికి జవాబు దొరకును. పాలపొడి పేరు చీటిపై వ్రాసిన వైద్యుని కారణమడుగుటకు మొగమాటపడకుడు. ఇంట పెద్దలు "పాలు చాలవు" అను మాటను నాలుకపైనుండి తీసివేయవలెను. భర్తయగువాడు పాలీయలేకపోవచ్చును, కాని రాత్రివేళ బిడ్డ గుడ్డలు మార్చవచ్చును, బాలింతకు మంచినీళ్లందింపవచ్చును.

ప్రభుత్వమునకు మూడవ విన్నపము. 2015లో ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకమున అంగన్వాడీలలో గర్భిణులకును బాలింతలకును పూటభోజనము, గ్రుడ్డు, పాలు ఇచ్చు నేర్పాటు చేసిరి. తల్లికి అన్నము పెట్టిన ప్రభుత్వము తల్లికి వేళను కూడ ఇయ్యవలెను. అసంఘటిత స్త్రీలకు ఆరు నెలల కూలి ప్రభుత్వ పక్షమున లభింపవలెను. ప్రతి కాన్పుల ఆసుపత్రిలో పాలిచ్చుటకు సాయపడు శిక్షితురాలి నొకతెను నియమింపవలెను. 1992 నాటి శాసనమునకు కోరలు పెట్టవలెను.

కొండకల్ మూడు తెగల తల్లులను మరల తలచుకొందము. ఒకతెకు తావు లేదు. ఒకతెకు వేళ లేదు. ఒకతెకు ధైర్యము చెప్పువారు లేరు. మువ్వురకును పాలు మాత్రము కలవు. లేనివి ఇచ్చుట మన చేతిలోని పని. ఆ మూడును ఇచ్చిన తరువాత కూడ ఏ తల్లియైన డబ్బాను కోరినచో, అది నిజముగా ఆమె కోరికయే. మనము నోరెత్తవలసిన పనిలేదు. అంతవరకు ఆమెను నిందించుట మాత్రము మనకు తగదు.